తెరమీది త్రిభుజమునకు వైశాల్యమెంత?

వంకరటింకరగా నున్న పొలమును కొలువవలసి వచ్చినపుడు సర్వేయరు ఏమి చేయును? మూలనుండి మూలకు గొలుసు లాగి, పొలమంతటిని త్రిభుజములుగా విడదీయును. ఒక్కొక్క త్రిభుజము వైశాల్యమును లెక్కకట్టి అన్నింటిని కూడును. నాలుగు భుజముల కొలతలు తెలిసినంత మాత్రమున పొలము ఆకారము నిర్ణయము కాదు. అవే భుజములతో అది ఒక ప్రక్కకు వాలి సన్నబడవచ్చును. త్రిభుజమునకు ఆ చిక్కు లేదు. మూడు భుజములు తెలిసినచో దాని ఆకారమును, వైశాల్యమును గూడ తెలిసినట్లే.

కంప్యూటరు ఆటలలో కనబడు కొండలు, కోటలు, బండ్లు, మనుష్యులు సాధారణముగా ఈ త్రిభుజములతోనే కట్టబడుచున్నవి. అట్టి ఆటలను తయారుచేయుటకు ఉపయోగించు సాధన సముదాయమునకు గేమ్ ఇంజను అని పేరు. ఆటలకే గాక భవనముల నమూనాలు తయారుచేయుటకు గూడ దీనిని వాడుచున్నారు. ఒక విద్యార్థి తన పాఠశాలలోని సైకిళ్ళ షెడ్డుకు ఇట్టి నమూనా తయారుచేసెననుకొనుడు. షెడ్డు పైకప్పునకు రేకులు కొనవలెను. తెరమీద కప్పును మౌసుతో నొక్కగానే దాని వైశాల్యము తెలియవలెనని అతని కోరిక. ఇది చూచుటకు చిన్న పని. కాని ఒక్క మెట్టు తప్పినచో రేకులు చాలక కప్పులో కొంత భాగము తెరచియే మిగులును. ఎక్కడెక్కడ తప్పు దొర్లునో తెలియవలెనన్న ఇంజను లోపల జరుగు పని కొంత తెలిసియుండవలెను.

తెరవెనుక నున్నదేమి?

ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేలమీద గూడ ఊగక నిలుచును. నాలుగు కాళ్ళ కుర్చీకి ఒక కాలు గాలిలో తేలవచ్చును. ఏ మూడు బిందువులైనను ఒకే సమతలములో నుండును. నాలుగవ బిందువు అందులో నుండునన్న నమ్మకము లేదు. అందుచేతనే కంప్యూటరు ప్రతి ఉపరితలమును త్రిభుజములుగా విడదీసి దాచుకొనును. త్రిభుజములు అంచులతో కలిసి వలవలె అల్లుకొనియుండును గనుక ఈ అమరికను ‘మెష్’ అందురు.

మెష్‌లో ముఖ్యముగా రెండు పట్టికలుండును. మొదటిది శీర్షముల పట్టిక. అందు ప్రతి శీర్షమునకు పొడవు, ఎత్తు, లోతు అను మూడు దిశలలో నిరూపకములు వ్రాయబడియుండును. రెండవది త్రిభుజముల పట్టిక. అందు ఏ మూడు శీర్షములు కలిసి ఒక త్రిభుజమగునో వాని వరుస సంఖ్యలు ముమ్మూడుగా నుండును. వైశాల్యము ఈ రెండు పట్టికలలోను లేదు. దానిని అడిగినవాడే లెక్కకట్టుకొనవలెను.

షెడ్డు ఒంటివాలు కప్పు కలది. లెక్క సులభముగా నుండుటకు కొలతలిట్లు తీసికొనవచ్చును. కప్పు పొడవు 6 మీటర్లు. ముందు అంచు నేలకు 2 మీటర్ల ఎత్తున, వెనుక అంచు 5 మీటర్ల ఎత్తున నున్నవి. ఈ రెండంచుల మధ్య నేలమీది దూరము 4 మీటర్లు. అప్పుడు నాలుగు మూలల నిరూపకములు క (0, 2, 0), ఖ (6, 2, 0), గ (0, 5, 4), ఘ (6, 5, 4) అగును. కప్పు కంటికి ఒకే దీర్ఘచతురస్రముగా కనబడినను మెష్‌లో అది క-ఖ-గ, ఖ-ఘ-గ అను రెండు త్రిభుజములు.

నొక్కినది ఏ త్రిభుజము?

తెర చదునైనది. అందు మౌసు చూపించునది ఒక చుక్కను మాత్రమే. ఆ చుక్క వెనుక నున్న వస్తువును కనుగొనుటకు ఇంజను ఒక ఉపాయము పన్నును. చూచువాని కన్ను ఉన్నదనుకొన్న స్థానమునుండి ఆ చుక్కగుండా ఒక కిరణము బయలుదేరినట్లు భావించి, అది ఏయే త్రిభుజములను తాకునో లెక్కించును. తాకిన వానిలో మిక్కిలి సమీపమున నున్నదే విద్యార్థి నొక్కిన త్రిభుజము.

కిరణము త్రిభుజముయొక్క తలమును ఒక బిందువు వద్ద తాకును. ఆ బిందువు త్రిభుజము లోపల నున్నదా, వెలుపల నున్నదా? ఇచ్చట వైశాల్యమే తీర్పరి. బిందువును మూడు శీర్షములతో కలిపినచో మూడు చిన్న త్రిభుజములేర్పడును. వాని వైశాల్యముల మొత్తము పెద్ద త్రిభుజము వైశాల్యమునకు సమానమైనచో బిందువు లోపలనో అంచుమీదనో ఉన్నది. మించినచో వెలుపల నున్నది. ఈ వైశాల్యముల నిష్పత్తులతో బిందువు స్థానమును తెలుపు పద్ధతిని జర్మను గణితజ్ఞుడు మోబియస్ 1827లో ప్రచురించెను. అదే భావముపై ఆధారపడి, కిరణము త్రిభుజమును తాకునో లేదో త్వరగా తేల్చు పద్ధతిని మోలర్, ట్రంబోర్ అనువారు 1997లో ప్రకటించిరి. అది నేడు విరివిగా వాడుకలో నున్నది.

త్రిభుజములు వేలకొలది యున్నచో అన్నింటిని పరీక్షించుట కాలహరణము. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 1994లో తయారైన ప్రసిద్ధమైన కుందేలు నమూనాలో 69,451 త్రిభుజములున్నవి. అందుచేత ఇంజను త్రిభుజములను గుంపులు చేసి, ఒక్కొక్క గుంపును ఊహాత్మకమైన పెట్టెలో నుంచును. కిరణము పెట్టెనే తాకనిచో అందలి త్రిభుజముల జోలికి పోనక్కరలేదు.

యూనిటీ అను ఇంజనులో ఈ పరీక్ష ముగియగానే తాకిన త్రిభుజముయొక్క వరుస సంఖ్య లభించును. కాని ఒక నియమమున్నది. కిరణము తాకుటకై వస్తువునకు దాని మెష్‌నే తొడిగియుండవలెను. పని తేలిక యగునని పెట్టె, గోళము వంటి సరళ రూపమును తొడిగినచో, తాకిన బిందువు తెలియును గాని త్రిభుజ సంఖ్యకు అర్థముండదు. సంఖ్య తెలిసిన పిమ్మట దానిని 3తో హెచ్చించి, త్రిభుజముల పట్టికలో ఆ స్థానమునుండి వరుసగా మూడు సంఖ్యలు తీసికొనవలెను. లెక్క 0తో మొదలగును. ఆ మూడు సంఖ్యలే శీర్షముల గుర్తులు.

మూడు నీడల లెక్క

తెరమీద ఆ త్రిభుజము ఆక్రమించిన చుక్కలను లెక్కించిన చాలదా? చాలదు. ఎదురుగా నున్న వస్తువు రెండింతలు దూరము జరిగినచో తెరమీద అది ఆక్రమించు చోటు సుమారు నాలుగవ వంతగును. వస్తువు వైశాల్యము మాత్రము మారదు. కావున లెక్క శీర్షముల నిరూపకములనుండియే మొదలు కావలెను.

త్రిభుజ వైశాల్యము భూమిలో సగమును ఎత్తుతో హెచ్చించిన లబ్ధమని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోనే యున్నది. కాని అంతరిక్షములో ఏటవాలుగా నున్న త్రిభుజమునకు ఎత్తును నేరుగా కొలుచుట ఎట్లు? దీనికొక చక్కని మార్గము కలదు. త్రిభుజముయొక్క నీడలను ఒకదానికొకటి లంబముగానున్న మూడు తలములపై పడనిచ్చి, ఆ నీడల వైశాల్యములనుండి అసలు వైశాల్యమును రాబట్టవచ్చును. నీడ యనగా ఇచ్చట ఆ తలమునకు లంబముగా పడిన కిరణముల నీడ.

క-ఖ-గ త్రిభుజమున క మూలనుండి బయలుదేరు రెండు భుజములను చూడుడు. క నుండి ఖ కు పోవుటకు పొడవు దిశలో 6, ఎత్తు దిశలో 0, లోతు దిశలో 0 నడువవలెను. క నుండి గ కు పొడవు దిశలో 0, ఎత్తు దిశలో 3, లోతు దిశలో 4 నడువవలెను.

నేలమీది నీడకు ఎత్తుతో పనిలేదు. మిగిలిన సంఖ్యలు మొదటి భుజమునకు (6, 0), రెండవ దానికి (0, 4). అడ్డగుణకారము చేసి భేదము తీసినచో 6 × 4 − 0 × 0 = 24. అందులో సగము 12. ఇది నేలమీది నీడ వైశాల్యము. ముందు గోడమీది నీడకు లోతుతో పనిలేదు. (6, 0), (0, 3) లనుండి 6 × 3 − 0 × 0 = 18; సగము 9. ప్రక్క గోడమీది నీడకు పొడవుతో పనిలేదు. (0, 0), (3, 4) లనుండి 0 వచ్చును. ప్రక్కనుండి చూచినచో కప్పు ఒక గీతవలె కనబడును గదా! అందుచే నీడకు వైశాల్యము లేదు. భేదము ఋణసంఖ్యగా వచ్చినను చింత లేదు. శీర్షములను ఏ వరుసలో చుట్టివచ్చితిమో ఆ గుర్తు తెలుపును, వైశాల్యమును మార్చదు.

ఇప్పుడు ఈ మూడింటి వర్గములను కూడవలెను. 144 + 81 + 0 = 225. వర్గమూలము 15. కావున త్రిభుజ వైశాల్యము 15 చదరపు మీటర్లు. దీనిని సరిచూచుకొనుట సులభము. క వద్ద లంబకోణమున్నది. భుజములు 6, 5. కావున వైశాల్యము 15.

వర్గములనే ఎందుకు కూడవలెను? ప్రతి నీడయు అసలు వైశాల్యమును ఒక కొసైనుతో హెచ్చించిన లబ్ధము. ఆ మూడు కొసైనులు త్రిభుజ తలమునకు లంబమైన గీత మూడు అక్షములతో చేయు కోణములవి. అట్టి మూడు కొసైనుల వర్గముల మొత్తము ఎప్పుడును 1. కావున నీడల వర్గముల మొత్తము అసలు వైశాల్యపు వర్గమే యగును. పైతరగతులలో సదిశల వజ్రలబ్ధమని చెప్పునది ఈ లెక్కయే. లబ్ధములోని మూడు అంశములును మూడు నీడలకు రెట్టింపులు. అందుచే దాని పరిమాణములో సగము త్రిభుజ వైశాల్యము.

నేలమీది నీడనే కప్పు వైశాల్యమని భ్రమించువారు కలరు. పైనుండి చూచిన పటమున కప్పు 6 × 4 = 24 చదరపు మీటర్లుగా కనబడును. అసలు కప్పు 30 చదరపు మీటర్లు. పటమును నమ్మి రేకులు కొన్నచో కప్పులో ఐదవ వంతు తెరచియుండును.

మూడు భుజముల పొడవులు తెలిసినచో క్రీ.శ. మొదటి శతాబ్దివాడైన అలెగ్జాండ్రియా హీరో సూత్రమును గూడ వాడవచ్చును. ఇచ్చట భుజములు 6, 5, √61. ఫలితము మరల 15 వచ్చును. కాని కంప్యూటరునకు ఈ మార్గము అంత అనుకూలము కాదు. ప్రతి భుజమునకు ఒక వర్గమూలము, చివర మరియొకటి, మొత్తము నాలుగు వర్గమూలములు తీయవలెను. నీడల పద్ధతిలో ఒక్కటి చాలును. పైగా సూదివలె సన్నని త్రిభుజములలో, దాదాపు సమానమైన సంఖ్యలను ఒకదానినుండి మరొకటి తీసివేయునపుడు హీరో సూత్రమున చివరి అంకెలు నశించును. ఇంజనులు సాధారణముగా నిరూపకములను సుమారు 7 అంకెల ఖచ్చితత్వముతో దాచుకొనును. అందుచే ఈ నష్టము లెక్కింపదగినదే.

స్కేలు మార్చినపుడు

ఇంతవరకు లెక్క సరియే. అయినను తెరమీది జవాబు తప్పు కావచ్చును. మెష్‌లోని శీర్షములు వస్తువుయొక్క సొంత నిరూపకములలో నుండును. తయారైన నమూనాను ఆటస్థలములో ఉంచునపుడు దానిని జరుపవచ్చును, త్రిప్పవచ్చును, సాగదీయవచ్చును. జరుపుటవలనను, త్రిప్పుటవలనను వైశాల్యము మారదు. సాగదీసినచో మారును. కాని పట్టికలోని శీర్షములు మాత్రము మొదటివలెనే యుండును.

షెడ్డును మూడు దిశలలోను రెండింతలు చేసినచో వైశాల్యము నాలుగింతలగును. పొడవు దిశలో మాత్రమే రెండింతలు చేసినచో ఈ కప్పు వైశాల్యము రెండింతలగును. ఎత్తు దిశలో మాత్రమే రెండింతలు చేసిన నేమగును? నేలమీది నీడ మారదు, అది 12. ముందు గోడమీది నీడ 9 నుండి 18 అగును. 144 + 324 = 468; వర్గమూలము సుమారు 21.63. ఇది 15 కాదు, 30 కాదు. పాత వైశాల్యమును ఏదో యొక స్కేలు సంఖ్యతో హెచ్చించి సరిపెట్టుట సాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది. ముందుగా మూడు శీర్షములను ఆటస్థలపు నిరూపకములలోనికి మార్చి, పిమ్మటనే వైశాల్యమును లెక్కింపవలెను. ఈ క్రమము తప్పుట తరచుగా జరుగు పొరపాటు.

ప్రమాణము గూడ చూడవలెను. యూనిటీలో ఒక ప్రమాణమును ఒక మీటరుగా భావించుట వాడుక. అన్‌రియల్ అను ఇంజనులో అది ఒక సెంటీమీటరు. అదే త్రిభుజమునకు ఒకచోట 15, మరియొకచోట 1,50,000 వచ్చును. రెండును ఒప్పే, ప్రమాణము తెలిసినంతవరకు. మూలబిందువునకు మిక్కిలి దూరమున నున్న వస్తువుల విషయమున మరొక జాగ్రత్త అవసరము. 7 అంకెల ఖచ్చితత్వముతో, మూలబిందువునకు 1,00,000 మీటర్ల దూరమున, నిరూపకములు సుమారు 8 మిల్లీమీటర్ల మెట్లుగానే మారగలవు. అచ్చట చిన్న త్రిభుజముల వైశాల్యము నమ్మదగినది కాదు.

కప్పు ఒక్క త్రిభుజము కాదు

విద్యార్థి నొక్కినది కప్పును. ఇంజను ఇచ్చినది కప్పులోని ఒక త్రిభుజమును. వచ్చిన జవాబు 15, కావలసినది 30. కావున నొక్కిన త్రిభుజముతో అంచును పంచుకొనుచు, అదే తలములో నున్న త్రిభుజములను ఒక్కొక్కటిగా చేర్చుకొనుచు పోవలెను. చేర్పవలసినవి లేనపుడు ఆగవలెను.

ఇందు రెండు మెలకువలున్నవి. మొదటిది: ప్రక్కప్రక్క త్రిభుజములకు అంచు ఒకటే యైనను శీర్షముల సంఖ్యలు వేరుగా నుండవచ్చును. యూనిటీలోని మామూలు ఘనమునకు మూలలు 8. కాని పట్టికలో శీర్షములు 24. ఒక్కొక్క ముఖముపై వెలుతురు వేరుగా పడుటకు ప్రతి మూలను మూడుసార్లు వ్రాసికొనుటయే దీనికి కారణము. కావున సంఖ్యలను గాక స్థానములను పోల్చి, అతి స్వల్పమైన భేదమును ఉపేక్షించి, అంచు ఒకటేనని నిర్ణయింపవలెను.

రెండవది: తలము ఒకటేనా యని చూచునపుడు ప్రతి త్రిభుజమును మొదట నొక్కిన త్రిభుజముతోనే పోల్చవలెను గాని, ప్రక్కదానితో గాదు. 36 పలకల గుండ్రని స్తంభములో ఒక్కొక్క పలక ముందుదానికి 10 డిగ్రీలు తిరిగియుండును. 12 డిగ్రీలవరకు భేదమును సహించి ప్రక్కదానితో పోల్చుచు పోయినచో ఒక పలకను నొక్కినవానికి స్తంభమంతయు చిక్కును.

గోడలో కిటికీ యున్నచో మరొక సందేహము కలుగును. కిటికీ చోటు వదలి చుట్టును త్రిభుజములు అల్లియున్నచో దాని వైశాల్యము దానంతట అదే తగ్గిపోవును. నిండు గోడపై కిటికీని వేరు వస్తువుగా అతికించినచో తగ్గదు. నమూనా ఎట్లు కట్టబడినదో తెలిసికొనకుండ సున్నపు ఖర్చు లెక్కకట్టరాదు.

వంపు తలముల చిక్కు

సమతలములకు త్రిభుజముల లెక్క ఖచ్చితమైనది. వంపు తలములకు అది ఉజ్జాయింపు మాత్రమే. ఒక మీటరు వ్యాసార్ధము, ఒక మీటరు ఎత్తుగల స్తంభముయొక్క ప్రక్కతల వైశాల్యము సుమారు 6.28 చదరపు మీటర్లు. దానిని 12 పలకలతో నిలువుగా చేసినచో 6.21 వచ్చును. పలకలు పెంచినకొలది అసలు విలువకు దగ్గరగును.

శీర్షములన్నియు ఉపరితలము మీదనే యున్నపుడు, త్రిభుజములు పెంచినకొలది జవాబు మెరుగగునని తోచును. అది నిజము కాదని 19వ శతాబ్ది చివరిభాగమున జర్మను గణితజ్ఞుడు హెర్మన్ శ్వార్ట్జ్ చూపెను. అదే స్తంభమును అడ్డముగా సమానమైన పట్టీలుగా కోసి, ప్రతి కోతవద్ద వృత్తముపై 6 బిందువులు గుర్తించి, ఒక వృత్తపు బిందువులు పై వృత్తపు బిందువుల నడుమకు వచ్చునట్లు త్రిప్పి, త్రిభుజములు అల్లవలెను. పట్టీ ఒక్కటే యైనచో వైశాల్యము 6.05. పట్టీలు 10 అయినచో 10.03. పట్టీలు 100 అయినచో 80.6! ప్రతి శీర్షమును స్తంభముమీదనే యున్నది. కాని త్రిభుజములు కాగితపు లాంతరు మడతలవలె లోనికి ముడుచుకొని, స్తంభమునకు దాదాపు అడ్డముగా తిరిగినవి. కావున శీర్షముల స్థానము సరిగా నున్నంత మాత్రము చాలదు. త్రిభుజముల తలములు గూడ ఉపరితలపు దిశను అనుసరింపవలెను. బాగుగా తయారైన మెష్‌కు ఇది ముఖ్య లక్షణము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

నీడల సూత్రమును కంప్యూటరు లేకయే పరీక్షించవచ్చును. ఒక సుద్దముక్కల అట్టపెట్టె తీసికొని, ఒక మూల వద్ద కలియు మూడు అంచులపై ఆ మూలనుండి 4, 2, 6 సెంటీమీటర్ల దూరమున గుర్తులు పెట్టవలెను. ఈ గుర్తులను కలుపు గీతలవెంబడి మూలను కత్తిరించినచో త్రిభుజాకారమైన రంధ్రమేర్పడును. కత్తిరించి తీసిన ముక్క ముఖములు మూడును లంబకోణ త్రిభుజములు. వాని వైశాల్యములు 4, 6, 12 చదరపు సెంటీమీటర్లు. రంధ్రము మూడు ముఖములపై పరచు నీడలు ఇవియే. 16 + 36 + 144 = 196; వర్గమూలము 14. ఈ ప్రత్యేక సందర్భమును 18వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ద గువా సిద్ధాంతముగా ప్రకటించెను.

రంధ్రముపై గళ్ళ కాగితమును అదిమి, అంచులు గీసి, లోపలి గళ్ళను లెక్కించినచో 14కు దగ్గరగా రావలెను. భుజములను స్కేలుతో కొలిచినచో సుమారు 4.47, 6.32, 7.21 సెంటీమీటర్లుండును. వానితో హీరో సూత్రమున గూడ లెక్కకట్టి, మూడు మార్గముల జవాబులను విద్యార్థులు పోల్చి చూడవచ్చును.